దాపట సెన్సార్

కారు గుద్దుకుంటే కనిపెట్టే సెన్సార్లు ఎక్కడెక్కడ ఉంటాయని అడిగితే ఇప్పటి పిల్లలు ఫోన్ తీసి అర నిమిషంలో చెప్పేస్తారు. నేను అంత తొందరగా చెప్పలేను. తెలియక కాదు, నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కానీ ఆ మాట ఎవరైనా ఎత్తగానే నాకు ముందు ఒక కారులో ఎడమ పక్క సీటు గుర్తుకొస్తుంది. అందులో కూర్చునే ఒక పెద్దమనిషి గుర్తుకొస్తాడు. సెన్సార్ల సంగతి ఆ తర్వాతే.

నేను వనపర్తిలో, పెబ్బేరు పోయే రోడ్డు మీదున్న ఒక కార్ల షెడ్డులో ఫోర్‌మన్‌గా చేసి, రిటైరై దిగిపోయాను. పుట్టింది గద్వాలలో, మగ్గం ఉన్న ఇంట్లో. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని గంటల తరబడి కూర్చోవడం నా వల్ల కాక, పదో తరగతి తప్పగానే మెకానిక్ పనికి పానాలు పట్టుకున్నాను. గాలి సంచుల కార్లు, అదే ఎయిర్‌బ్యాగులవి, మా వైపు ఎక్కువవుతున్న రోజుల్లో మా సేటు నన్ను హైదరాబాదుకు మూడు రోజుల ట్రైనింగుకు పంపాడు. మూడు రోజులు విని వచ్చి మూడేళ్లు చెప్పాను. టైరుకు గాలి పెట్టించుకోవడానికి వచ్చినవాళ్లను కూడా వదల్లేదు. నా వెనక నన్ను 'సెన్సార్ల సారు' అనేవాళ్లు. అది వెటకారమని తెలుసు, అయినా లోపల సంబరంగానే ఉండేది.

ఇప్పుడు పానాలు పట్టుకుంటున్న పిల్లలకు పనికొచ్చే ముక్క ఒక్కటి చెప్పి ముందుకు పోతాను. మన షెడ్డుకు ఎక్కువగా వచ్చే కార్లలో, ముందరి బంపర్ వెనక రేడియేటర్‌ను పట్టుకునే అడ్డపట్టీ మీద కుడికొకటి, ఎడమకొకటి, అగ్గిపెట్టెంత సెన్సార్లు ఉంటాయి. ముందు తలుపుకూ వెనక తలుపుకూ నడుమ నిలబడే స్తంభం అడుగున పక్కకొకటి ఉంటుంది. వీటన్నిటి మాట విని, సంచి తెరవాలా వద్దా అని తేల్చే పెద్దపెట్టె గేరు రాడ్డు ముందర నేలకు బిగించి ఉంటుంది. అన్ని కార్లూ ఒకేలా ఉండవు కాబట్టి కంపెనీ పుస్తకం చూడండి. అన్నిటికంటే ముఖ్యమైనది, సెన్సార్ కూర్చునే ఇనుము గట్టిగా ఉండాలి. దాని మీద బాణం గుర్తు ముందుకు చూస్తూ ఉండాలి. కూర్చునే చోటు పగిలి ఉంటే, ఎంత మంచి సెన్సారైనా దెబ్బ సంగతి వేళకు చెప్పలేదు. పైగా సెన్సార్ బాగానే ఉంది కాబట్టి ఎర్ర దీపమూ వెలగదు, స్కానర్ కూడా తప్పు చూపదు. ఈ చివరి మాట నేను ట్రైనింగులో రాసుకుని, కింద రెండు గీతలు కూడా గీసుకున్నాను.

మా షెడ్డులో డెంటింగు పనికి నాకంటే నాలుగేళ్లు పెద్దవాడు ఒకాయన ఉండేవాడు. తిమ్మాజిపేట దగ్గర వాళ్ల ఊరు. వారంలో ఆరు రోజులు వనపర్తిలో రేకులు సక్కదిద్దేవాడు, ఆదివారం పొలంలో ఉండేవాడు. రేకు మీద సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి, ఆ చప్పుడు విని ఎక్కడ సొట్ట లోతుందో చెప్పేవాడు. ఇద్దరం పద్దెనిమిదేళ్లు ఒకే షెడ్డు కింద కొట్లాడుకుంటూ పనిచేశాం. నేను పుస్తకం మాట చెబితే ఆయన, "ఓ ఫోర్‌మనూ, గా పుస్తకం రాసినోడు ఎప్పుడన్న సుత్తె పట్టిండా?" అనేవాడు.

నేను దిగిపోవడానికి ఇంకా నెల పైన ఉందనగా గద్వాల నుంచి ఒక కారు వచ్చింది. నడిపేది ఒకావిడ, యాభై దాటి ఉంటాయి. పక్క సీట్లో ఆమె భర్త. ఇద్దరూ చీరలు నేసేవాళ్లే. ఆయనకు నాలుగేళ్లుగా చూపు తగ్గుతూ వచ్చి, ఇప్పుడు నీడలు మాత్రమే కనిపిస్తున్నాయట. మందు చుక్కలతో ఉన్న చూపు నిలబెట్టుకోవాలని, హైదరాబాదు కంటి దవాఖానకు మాటిమాటికీ పోవాల్సి వస్తుందని, ఆమె ఆ వయసులో డ్రైవింగ్ నేర్చుకుంది. వాడిన కారే కొన్నారు. రోడ్డు మీద ఆరబోసిన వడ్ల దగ్గర మేక అడ్డం వస్తే తప్పించబోయి, కుప్ప మీద టార్పాలిన్ ఎగరకుండా పెట్టిన బండరాయికి కారు ముందుభాగం కొట్టింది. మెల్లగా పోతున్నారు కాబట్టి గాలి సంచులు తెరుచుకునేంత దెబ్బ కాదు. ఎడమ దిక్కు బంపర్, దాని వెనక పట్టీ వంగాయి.

మా ఊరివాళ్లని తెలియగానే, వయసు లెక్క చూడకుండా, ఆమె నాకు అక్క అయింది, ఆయన బావ అయ్యాడు.

రెండో రోజు మా డెంటర్ పట్టీని సక్కదిద్దుతుండగా ఊరి నుంచి ఫోన్ వచ్చింది. వాళ్ల ఎద్దు లేవలేకపోతోందట. ఆయన ముఖం మారిపోయింది. సుత్తి పక్కన పెట్టి, బస్సు వేళవుతోందని అంగీ తొడుక్కుంటూ నాతో, "ఫోర్‌మనూ, దాపటిది కూసునే కాడ ఇనుము చీరింది. సుత్తెతోని సక్కగ కాదు. పట్టీ మార్చు, మర్శిపోకు" అన్నాడు.

నేను కారుకు కుడి పక్క మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాను. "దాపటిదేనా?" అని అడిగాను.

"దాపటిదే అంటున్న గద!" అని విసుక్కుంటూ పోయాడు.

మామూలుగా షెడ్డులో మేం కుడిని డ్రైవర్ సైడు, ఎడమను క్లీనర్ సైడు అంటాం. ఆ రోజు ఆయన మనసు పశువుల కొట్టంలో ఉంది కాబట్టి నోట్లోంచి ఇంటి మాట వచ్చింది. మా ఇంట్లో దాపున అంటే దగ్గర అని అర్థం. దాపటిది అంటే దగ్గరిది, అంటే నా ముందున్నది అనుకున్నాను. నా ముందున్న కుడి సెన్సార్ కింద చూస్తే, అది కూర్చునే ఇనుప బిళ్ల కూడా కాస్త వంగి, గీసుకుపోయి ఉంది. ఎడమ వంపు ఆయన అప్పటికే సక్కదిద్దాడు, మిగిలింది ఇదేనని తేల్చుకున్నాను. నా తెలివికి నేనే మెచ్చుకున్నాను. పట్టీ మొత్తం మార్చక్కర్లేదనుకుని, ఆ బిళ్లా ఆ సెన్సారూ మార్చి, బాణం గుర్తు ముందుకు పెట్టి, పుస్తకంలో చెప్పినంత బిగించాను. స్కానర్ పెడితే అంతా సరిగా ఉందని చూపింది. పెయింటరు వచ్చి పట్టీ అంతా నల్లరంగు కొట్టిపోయాడు. ఎడమ పక్క చీలిక ఆ రంగు కింద దాక్కుంది.

కారు తీసుకుపోవడానికి వచ్చిన రోజు అక్క, "సెన్సార్ మార్చినం అంటున్నవ్, ఎనక బీప్ బీప్ అంటయ్ గవేనా?" అని అడిగింది. ఇంకేం, నాకు ఉపన్యాసం దొరికింది. అవి కారు వెనక్కి పెట్టేటప్పుడు గోడ తగలకుండా అరిచేవని, ఇవి ప్రాణం కాపాడేవని పావుగంట చెప్పాను. ఆమె ఓపికగా విని, భర్తను ఎడమ సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెడుతూ, "నాకు గదంత తెల్వదు గని తమ్మీ, ఈయన కూసునే దిక్కు గట్టిగున్నదా?" అంది.

"బేఫికర్‌గ పొండక్కా, ఏం భయం లేదు" అన్నాను.

కారు పోయిన మూడు వారాలకు మా డెంటర్ తిరిగొచ్చాడు. ఎద్దు దక్కలేదు. ఆ వెంటనే వరికోతలు మీద పడ్డాయి. వచ్చిన రోజు పొద్దున పది గంటలకు అందరం టీ తాగుతున్నాం. ఆయన గ్లాసు చేతిలో పెట్టుకుని ఎద్దు సంగతి చెబుతున్నాడు.

"దాపటిది పోయింది. ఎలపటిది ఒక్కటే మిగిలింది. పదకొండేండ్లు జోడుగ నడిసినయ్."

నేను సానుభూతిగా, "దగ్గరి చేనుకు తోలే ఎద్దా?" అని అడిగాను.

"దగ్గర ఏంది?"

"దాపటిది అన్నవు గద."

షెడ్డంతా ఘొల్లుమంది. ఆయన కూడా ఆ బాధలోనే నవ్వాడు. "ఏం ఫోర్‌మనువయ్యా! కాడికి ఎడమ దిక్కు కట్టేది దాపటిది. కుడి దిక్కుది ఎలపటిది. మగ్గం కాడ పుట్టినోనికి ఎద్దుల సంగతేం తెలుస్తది!"

నాకు మొదట నవ్వు వచ్చింది. ఆ తర్వాత సగం టీతోనే గ్లాసు కింద పెట్టేశాను. ఆయన అది చూశాడు. "ఏమైంది?"

"గద్వాలక్క కారు. నువ్వు దాపటిది అన్నవ్."

"అన్న."

"నేను కుడి దిక్కుది మార్చిన."

ఆయన నవ్వు ఆగిపోయింది. "ఎద్దు ఈనిందంటె దూడను కొట్టంల కట్టేయమన్నట్టు... అడగొద్దా?" అన్నాడు. తర్వాత తనే గొంతు తగ్గించి, "నేనైన ఎడమ అని చెప్తె అయిపోతుండె" అన్నాడు.

సేటు మా మాటలు విన్నాడు. చెడ్డవాడు కాదు, మా ఇద్దరికంటే చిన్నవాడు, నడవాల్సిన షెడ్డు ఆయనది. "ఇప్పటిదాక ఏం కాలే గద. పరేషాన్ కాకు. ఫ్రీ చెకప్ అని పిలువు, వాళ్లే రేపో ఎల్లుండో వస్తరు. పది రోజులైతె దిగిపోతవు, ఉత్తగనే పేరెందుకు ఖరాబు చేసుకుంటవ్?" అన్నాడు. నిజం చెప్పాలి కదా, ఆ మాట నాకు నచ్చింది. ఒక్క నిమిషం పాటు చాలా నచ్చింది. ఫ్రీ చెకప్ అని చెప్పడానికే ఫోన్ తీశాను.

అక్క ఎత్తలేదు. బండి నడుపుతున్నప్పుడు ఎత్తదు. బావ నంబరు కొడితే ఆయన ఎత్తాడు. వెనక కారు చప్పుడు వినిపిస్తోంది.

"యాడున్నరు బావా?"

"బీచుపల్లి బ్రిడ్జి దాటినం. కంటి దవాఖానకు పోతున్నం."

"ముంగట కూసున్నవా, ఎనకనా?"

"ముంగట్నే. మీ అక్క పక్కకే. ఎందుకు తమ్మీ?"

ఆ 'ఎందుకు తమ్మీ' నెమ్మదిగా, ఏ అనుమానమూ లేకుండా వచ్చింది. నా నోట్లోని ఫ్రీ చెకప్ నోట్లోనే ఆగిపోయింది. "పెబ్బేరు కాడ హోటల్ ముంగట ఆపుమను. మెల్లగ రమ్మను. నేనొస్తున్న" అని పెట్టేశాను.

డెంటర్ అప్పటికే మోటారు సైకిల్ స్టార్టు చేసి ఉన్నాడు. అరవైకి అటూ ఇటూ ఉన్న ఇద్దరం ఒకే బండి మీద పెబ్బేరు దాకా ఒక్క మాట లేకుండా పోయాం. పద్దెనిమిదేళ్లలో మేం అంతసేపు మాట్లాడకుండా ఉన్నది అదొక్కసారే.

వాళ్లు హోటల్ ముందు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. దారి పొడుగునా కట్టుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. "అక్కా, నీ కారుల నేను తప్పు చేసిన" అని మొదలుపెట్టి, నిలబడే అంతా చెప్పాను. ఎడమ దిక్కు సెన్సార్ పగిలిన ఇనుము మీద కూర్చుందని, గట్టిగా గుద్దుకుంటే సంచులు ఆలస్యంగా తెరుచుకోవచ్చని, అసలు తెరుచుకోకపోనూ వచ్చని, కుడి దిక్కుది బాగున్నా ఆమెకు కూడా పూర్తి భరోసా లేదని చెప్పాను.

ఆమె చటుక్కున లేచి నిలబడింది. "మూడు వారాలు! మూడు వారాలు ఈయన్ని గా సీట్ల కూసోబెట్టుకొని తిప్పిన. హైదరాబాద్ పోయొచ్చిన. కొల్లాపూర్ పెండ్లికి పోయొచ్చిన. నిన్ను అడిగిన గద, ఈయన దిక్కు గట్టిగున్నదా అని? అదొక్కటే అడిగిన గద నేను?"

"అడిగినవక్కా."

"దాపట అంటె తెల్వదా నీకు? గంత పెద్ద మనిషివి!"

బావ బెంచీ మీద నుంచి నెమ్మదిగా అన్నాడు, "మనకు మాత్రం తెల్సా? ఎద్దులున్నోళ్లకు తెలుస్తది. మన ఇంట్ల ఎద్దులు యాడియి?"

ఆమె ఆయన వైపు కోపంగా తిరిగింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. డెంటర్ ముందుకు వచ్చి తప్పు నాదేనమ్మా అన్నాడు. కాదు నాదే అన్నాను. హోటల్‌లో వాళ్లు మా ఇద్దరినీ వింతగా చూశారు.

"మరి దవాఖాన?" అంది ఆమె చివరికి.

"కండ్లు యాడికి పోతయ్? రేపు పోదాం" అన్నాడు బావ.

వనపర్తి దాకా కారు నేను నడుపుతానన్నాను. "పని అయ్యేదాక నువ్వు నా బండి ముట్టకు" అంది. భర్త చేయి పట్టుకుని వెనక సీట్లో, తన వెనకగా కూర్చోబెట్టింది. తర్వాత ఎడమ పక్క ముందు తలుపు తెరిచి పట్టుకుని నన్ను చూసింది. "నువ్వు గీడ కూసో."

కూర్చున్నాను. బెల్టు పెట్టుకున్నాను. డెంటర్ మోటారు సైకిల్ మీద మా వెనక బయల్దేరాడు.

పెబ్బేరు నుంచి వనపర్తి ఎంత దూరమో మీకు తెలుసు. జీవితమంతా తిరిగిన రోడ్డు. ఆ రోజు ఆ సీట్లో కూర్చుంటే ప్రతి మలుపూ కొత్తగా ఉంది. ఎదురుగా వచ్చే ప్రతి లారీ నా మీదికే వస్తున్నట్టు ఉంది. ఆమె చాలా మెల్లగా నడుపుతోంది. సగం దూరం పోయాక పక్క బాటలోంచి గడ్డి ట్రాక్టర్ ఒకటి రోడ్డెక్కింది. ఆమె బ్రేకు వేసింది. గట్టి బ్రేకు కూడా కాదు. నా కాళ్లు రెండూ నేలను తొక్కాయి, చేయి పోయి డాష్‌బోర్డును పట్టుకుంది. ఆమె చూసింది.

"భయమైందా?"

"అయిందక్కా."

"నాకు గిన్ని దినాలు కాలే. నువ్వు బేఫికర్ అన్నవని."

నలభై ఏళ్ల పనిలో నన్ను తిట్టినవాళ్లు చాలామంది ఉన్నారు. పానా విసిరినవాడూ ఉన్నాడు. ఏ మాటా ఇంత లోపలికి దిగలేదు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

కాసేపటికి వెనక నుంచి బావ గొంతు వచ్చింది. "గా గాలి బుగ్గలు తెరుసుకుంటె సప్పుడొస్తదా?" మా వైపు బెలూన్‌ను బుగ్గ అంటాం. ఆయన అడిగేది గాలి సంచుల సంగతి.

"పటాకి లెక్క వస్తది బావా. తెల్లగ దుమ్ము గూడ లేస్తది."

"తెరుసుకునుడు మంచిదా, తెరుసుకోకపోవుడు మంచిదా?"

"గట్టిగ గుద్దుకుంటె తెర్వాలె. గుద్దుకోకుంటె తెర్వొద్దు."

ఆయన కాస్త ఆలోచించి, "మనం రెండోదే చేద్దాం తియ్" అన్నాడు. అక్క పెదవి మూల కొంచెం కదిలింది. అది నవ్వు అని నేను ఒట్టేసి చెప్పలేను.

షెడ్డులో బ్యాటరీ వైరు తీసి, కాసేపు ఆగి, బంపర్ విప్పాం. గాలి సంచుల జోలికి పోయేముందు ఆ ఆగడం తప్పదు. డెంటర్ ఎడమ సెన్సార్ పక్కన నల్లరంగును గోటితో గీకాడు. రంగు రేకులుగా లేచింది. కింద చీలిక, నా చిటికెన వేలంత పొడుగు. బొటనవేలితో నొక్కితే సెన్సార్‌తో సహా ఇనుము లోపలికి ఊగింది. సిగ్గుతో నేను ఎవరి ముఖమూ చూడలేకపోయాను.

కొత్త పట్టీ మహబూబ్‌నగర్ నుంచి బస్సులో పార్సిల్ రావాలి. మధ్యాహ్నం మూడవుతుంది. సేటు తానే బస్‌స్టాండుకు పోయి కూర్చున్నాడు. ఆ రోజు నుంచి నాకు ఆయన మీద గౌరవం పెరిగింది.

మేం ఎదురుచూస్తుండగా బావ, "ఒక్కసారి నాకు సూపియ్. గవి యాడుంటయో" అన్నాడు.

ఎలా చూపించాలో నాకు తోచలేదు. ఆయనే చేయి చాచాడు. ఆ చేయి పట్టుకుని కారు ముందుకు తీసుకుపోయి కుడి సెన్సార్ మీద పెట్టాను. నూలు చీర ఒడలికీ పట్టు అంచుకూ పోగులు కలిపిన వేళ్లు అవి, కొసలు గట్టిపడి ఉన్నాయి. ఆ చిన్న పెట్టెను చుట్టూ తడిమాడు. "గీ గీతలేంది?"

"బాణం గుర్తు. దాని మొన ముంగటికి ఉండాలె."

వేలితో బాణాన్ని రెండుసార్లు గీసి చూశాడు. తర్వాత ఎడమ దిక్కుకు తీసుకుపోయాను. చీలిక మీద ఆయన వేలు ఆగింది. తలుపుల నడుమ స్తంభం అడుగున చేయి పెట్టించి, ఈ ప్లాస్టిక్ వెనక ఒకటుందని చెప్పాను. గేరు రాడ్డు ముందర చేయి పెట్టించి, వీటన్నిటి పెద్ద ఇక్కడుంటాడని చెప్పాను. ఎన్నోసార్లు ఎంతోమందికి చెప్పిన పాఠమే. కానీ మనిషి చేయి పట్టుకుని చెప్పడం అదే మొదటిసారి.

"గింత గింత డబ్బలా?" అన్నాడు ఆయన ఆశ్చర్యంగా. "వీటిని నమ్మి పోతున్నమా మేము?" ఒక క్షణం ఆగి, "వీటిని గాదు, పెట్టినోన్ని నమ్మి పోతున్నమన్నట్టు" అన్నాడు. ఎత్తిపొడుపు లేదు ఆ మాటలో. తనలో తాను లెక్క సరిచూసుకున్నట్టు అన్నాడు.

మధ్యాహ్నం డెంటర్ తన జొన్నరొట్టెలు, వంకాయ కూర అందరికీ పంచాడు. అక్క మొదట వద్దంది, తర్వాత తిన్నది. తింటూ, "నీ ఎద్దుకు ఏమాయె?" అని డెంటర్‌ను అడిగింది. ఆయన చెప్పాడు. రోగం సంగతి, డాక్టరు వచ్చిన సంగతి, పొద్దున లేచేసరికి చల్లబడిన సంగతి.

"మరి రెండోది?"

"రెండు దినాలు మేత ముట్టలేదమ్మా. ఇప్పుడు మేస్తున్నది గని, కొట్టంల ఓ పక్కకే నిలబడతది. ఎడమ దిక్కు జాగ ఇడిసిపెట్టి నిలబడతది. ఎంత తోలినా గా జాగలకు రాదు."

అక్క చేతిలోని రొట్టె ముక్క కంచంలో పెట్టింది. బావ కింద చాప మీద కూర్చుని, కూర ఎక్కడుందో వేళ్లతో వెతుక్కుంటున్నాడు. ఆమె కంచాన్ని ఆయన చేతికి దగ్గరగా జరిపింది. నేను చేసిన తప్పు ఎంత పెద్దదో ఏ పుస్తకమూ చెప్పనంత బాగా ఆ ఎద్దు చెప్పింది.

పార్సిల్ వచ్చింది. పట్టీ నేనూ డెంటరే బిగించాం, మిగతావాళ్లను ముట్టనీయలేదు. ఎడమకు కొత్త సెన్సార్ పెట్టాను. బోల్టు చివరి చుట్టు తిప్పాక బావను పిలిచాను. ఆయన రెండు చేతులతో రెండు దిక్కులా ఒకేసారి తడిమి చూశాడు. "రెండు ఒక్క తీరుగనే ఉన్నయ్" అన్నాడు. ఆ తర్వాతే బంపర్ పెట్టాం.

పిల్లలూ, ఆ మిగిలిన పది రోజుల్లో నేను మా షెడ్డులో ఒక కొత్త పద్ధతి పెట్టాను. ఇప్పటికీ నడుస్తోందని సేటు చెబుతాడు. ఏ పక్క బాగుచేయాలో నోటితో చెప్పకూడదు. చెప్పేవాడు, పని చేసేవాడి చేయి పట్టుకుని, ఆ చోటు మీద పెట్టాలి. పెట్టాక సుద్దముక్కతో గీయాలి. మాట అందరిదీ ఒక్కటే అనుకుంటాం గానీ, మనం పుట్టిన ఇంటిని బట్టి దాని అర్థం మారిపోతుంది. నన్ను సెన్సార్ల సారు అని పిలవడం మాత్రం ఆ తర్వాత మానేశారు. అడిగితే, పేరు మారిందని, ఇప్పుడు 'దాపట సారు' అని చెప్పారు.

ఆ రోజు సాయంత్రం బయల్దేరేటప్పుడు అక్క భర్తను మళ్లీ ఎడమ సీట్లో కూర్చోబెట్టింది. బెల్టు పెట్టి, ఒకసారి లాగి చూసింది. తాను వచ్చి స్టీరింగ్ ముందు కూర్చుని కిటికీ దించింది.

"ఈసారి బేఫికర్ అనవా?"

నాకు ఆ మాట రాలేదు. "మెల్లగ పొండక్కా" అన్నాను.

"తమ్మీ, నువ్వు ఫోన్ చెయ్యకపోతె నాకు ఎన్నటికి తెల్వకపోతుండె" అంది. మెచ్చుకుందో, నిష్ఠూరమాడిందో నాకు ఇప్పటికీ తెలియదు. కారు రోడ్డెక్కి, మలుపు తిరిగేదాకా నేనూ డెంటరూ గేటు దగ్గరే నిలబడ్డాం.

నేను దిగిపోయి రెండేళ్లవుతోంది. ఆ కారు గద్వాల నుంచి హైదరాబాదుకు ఇంకా తిరుగుతూనే ఉంది. నేను పెట్టిన ఆ సెన్సార్ నిజంగా పనిచేస్తుందో లేదో నాకు తెలియదు. అది తెలిసే రోజు రాకూడదని రోజూ దండం పెట్టుకుంటాను. బావకు చూపు ఇంకొంచెం తగ్గింది గానీ, ఫోన్ మీద నంబర్లు వేళ్లకే గుర్తు. దవాఖానకు పోయొచ్చిన ప్రతిసారీ ఇంటికి చేరగానే నాకు ఫోన్ చేస్తాడు. బాగోగుల పలకరింపులు ఏమీ ఉండవు.

"బామ్మర్దీ, బుగ్గ తెర్వలే."

"మంచిది బావా."

"ఉంట మరి."